బొంతకు కిటికీ

ఎడారి అంచున ఉన్న మా బిర్నిన్ కుర్నా పట్టణంలో కోడిగుడ్లు గుర్రాలు తింటాయి. మనుషులు తినకూడదన్న నిషేధమేమీ లేదు. గుర్రాలు తినగా మిగిలితే నిక్షేపంగా తినవచ్చు. పోయిన సంవత్సరం మిగల్లేదు. ఆ సంవత్సరం జరిగిన విశేషాలలో ముఖ్యపాత్ర నాదే కనుక నేనే రాయడం మర్యాదగా ఉంటుందని రాస్తున్నాను. ఇతరులు రాస్తే నిజం రాసే ప్రమాదం ఉంది.

ముందుగా నా గురించి. ఈ సంస్థానానికి నేను బార్దేని. అంటే యుద్ధంలో అందరికంటే ముందు గుర్రాన్ని ఉరికించే వీరుణ్ణి. మా తాత ముత్తాతలు ఆ పని నిజంగానే చేశారు. నా కాలం వచ్చేసరికి యుద్ధాలు కరువయ్యాయి. అందుచేత ఏడాది పొడుగునా బస్టాండు ఎదుట స్పాంజి పరుపులు అమ్ముకుంటూ, రంజాన్ పండుగనాడు మాత్రం వీరత్వం ప్రదర్శిస్తుంటాను. ఆ ప్రదర్శన పేరు జాహీ. కోట ముందు మైదానంలో మా రాజు సర్కి గారు గొడుగు కింద కూర్చుని ఉంటారు. ఆ చివరినుంచి గుర్రాన్ని శరవేగంతో ఉరికించి తెచ్చి, ఆయన పాదాల ముందు గక్కున నిలిపి, పిడికిలి ఎత్తి వందనం చేయాలి. అందరికంటే మొదట ఉరికే హక్కు బార్దేది. మా నాన్న నాకు వదిలిపోయిన ఆస్తి ఆ హక్కూ, ఒక దూది అంగీ, గుర్రానికి కప్పే ఒక బొంతా. పరుపుల కొట్టు మాత్రం నా స్వయంకృషి.

అంతకు ముందు ఏటి పండుగలో ఆ హక్కుకు ముప్పు వచ్చింది. నా నల్ల గుర్రం అకవాల్ ఉరికింది, నిలిచింది, అంతా సవ్యంగానే ఉంది. నేను పిడికిలి ఎత్తేలోగా అది మెడ చాపి, సర్కి గారి పక్కన నిలబడ్డ ఉద్యోగి తలమీది గడ్డి టోపీని తినడం మొదలుపెట్టింది. ఆ ఉద్యోగి సామాన్యుడు కాడు. సర్కి గారు తలపాగా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా పలికిన మాటలను జనానికి బిగ్గరగా చెప్పే పదవి ఆయనది. ఆయన్ని కోటగొంతు అంటాం. సర్కి గారు ఏదో గొణిగారు. సగం టోపీతో కోటగొంతు ప్రకటించాడు.

"బార్దే గుర్రం ఇంకా ఉపవాసం విడవలేదా అని ప్రభువులు అడుగుతున్నారు! వచ్చే పండుగకు ఈ గుర్రం పుష్టిగా, ఒళ్ళంతా నిగనిగలాడుతూ రావాలి! లేనియెడల మొదటి పరుగు మదాకిది!"

మైదానమంతా నవ్వింది. ఆడవాళ్ళు మేడలమీద నుంచి నవ్వారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. మదాకి అంటే హోదాలో బార్దే తర్వాతి రౌతు. ఆ పదవిలో ఉన్న లబరాన్ నా మేనత్త కొడుకు. మా వైపు బావాబావమరుదులు ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడం కేవలం సరదా కాదు, విధి. చేయకపోతే చుట్టరికం తెంచుకున్నాడంటారు. లబరాన్ చుట్టరికానికి ప్రాణమిచ్చే మనిషి.

"బావా, గడ్డి దొరక్కపోతే అడగొద్దా? మా ఇంటి పైకప్పు పీకి ఇచ్చేవాణ్ణి కదా! పోనీ, నీ కొట్లో స్పాంజి ముక్కలైనా వేశావా దానికి?"

ఆ రోజే నిశ్చయించుకున్నాను. గుర్రం నిగనిగలాడి తీరాలి.

శాస్త్రీయంగా ముందుకు వెళ్ళాలని మొదట ప్రభుత్వ పశువుల ఆసుపత్రి డాక్టరమ్మను పిలిపించాను. ఆవిడ అకవాల్ నోరు తెరిచి చూసి, పళ్ళు గరుకెక్కాయంది, కడుపులో పురుగులున్నాయంది. పళ్ళు అరగదీయించి, పురుగుల మందు వేసి, మంచి గడ్డి, నీళ్ళు, రోజూ కాస్త నడక ఉంటే చాలంది. "నూనె పోస్తే మెరుస్తుందంటారు కదమ్మా?" అని అడిగితే, "ఓ గరిటెడు పొయ్యండి, తప్పులేదు. అంతకుమించితే దాని కడుపు ఊరుకోదు," అంది. అంత చదువు చదివి గడ్డి అంటుందేమిటని నాకు జాలేసింది. కృతజ్ఞతలు చెప్పి, ఒక దిండు బహూకరించి పంపేశాను.

అసలైన శాస్త్రం శుక్రవారం సంతలో దొరికింది. ప్రొఫెసర్ జతావు గారు మోటారు సైకిలుకు మైకు కట్టుకుని వచ్చారు. ఆయన ఏ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరో ఎవరూ అడగలేదు. మైకు ఉన్నవాణ్ణి అలా అడగడం మా ఊరి సంప్రదాయం కాదు.

"అయ్యలారా! అమ్మలారా! ఒకే సీసా! గుర్రానికి తాగిస్తే నిగారింపు! మగవాడి నడుముకు రాస్తే నొప్పి మాయం! బండి గొలుసుకు వేస్తే జర్రున జారుడు! ఇదే నూనె, అదే నూనె, అన్నీ ఇందులోనే!"

ఈ మూడింటిలో ఒకటి మాత్రం అక్షరాలా నిజమని తర్వాత తేలింది. ఏది అన్నది సమయం వచ్చినప్పుడు మనవి చేస్తాను.

అది మొదలు. సజ్జల దాణాలో ప్రొఫెసర్ గారి నూనె, దానిమీద నువ్వుల నూనె, వేరుశెనగ నూనె, దక్షిణాది నుంచి లారీలో వచ్చిన ఎర్రటి పామాయిలు, గుడ్లు, తేనె, మునగాకు పొడి. లబరాన్ తన గుర్రానికి ఒంటె పాలు పడుతున్నాడని తెలిసి, నేను చేప నూనె తెప్పించాను. అతను షియా చెట్టు గింజల వెన్న మొదలుపెడితే, నేను ఓడ మీద వచ్చిన బలం పొడి డబ్బా కొన్నాను. డబ్బామీద తెల్ల గుర్రం బొమ్మ ఉంది. కింద రాసింది ఏ భాషో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. ఎవరికీ అర్థం కాలేదు కనుక చాలా శక్తివంతమైన మందై ఉంటుందని అందరం ఏకాభిప్రాయానికి వచ్చాం. చూస్తుండగానే ఊళ్ళో గుర్రమున్న ప్రతివాడూ నూనెకు ఎగబడ్డాడు. గుర్రం లేనివాడు గాడిదకు పోశాడు.

మొదటి వారాల్లో అకవాల్ కడుపు ఈ గౌరవాన్ని తట్టుకోలేకపోయింది. మా సాయిసు ఔదు వీధి చివరిదాకా కడిగాడు. ఇరుగుపొరుగువారు ముక్కులు మూసుకుని, దీన్ని సంస్థాన సేవగా భావించి సహకరించారు. చేప నూనె మొదలైన తర్వాత పేటలోని పిల్లులన్నీ మా గుర్రపుసాలకు కాపురం మార్చాయి. అకవాల్ వీధిలోకి వెళితే వెనకాల పిల్లులు వరుసగా నడిచేవి. ఇంతటి పరివారం మదాకి గుర్రానికి లేదని నేను లోలోపల గర్వపడ్డాను.

ఇంతలో రంజాన్ నెల వచ్చింది. ఊరంతా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉపవాసం ఉంటే, పట్టపగలు ఊళ్ళో గుర్రాలన్నీ గుడ్లూ తేనే భోంచేశాయి. ఔదు ఎండిన పెదాలతో దాణా కలుపుతూ ఒక ధర్మసందేహం తెచ్చాడు. ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూస్తే ఉపవాసం భంగమవుతుందా? మసీదులో మతం చదువు చెప్పే మల్లం గారు చాలాసేపు ఆలోచించి, నాలుక కొసకు తగిలించి ఉమ్మేస్తే దోషం లేదని తేల్చారు. ఆ తర్వాత వారం రోజులకే ఔదు బుగ్గలు నున్నగా తేలాయి. దాణాలో ఉప్పు విషయమై అతనికి ఎన్నడూ లేని అనుమానాలు రావడం మొదలైంది.

మా ఇంట్లో మాత్రం ఈ మహత్కార్యానికి తగిన గుర్తింపు రాలేదు. ఒకనాటి సాయంత్రం, ఉపవాసం విడిచే వేళకు అలసందల పిండి రుబ్బి, మూకుడు పొయ్యిమీద పెట్టి, నా భార్య లారై కేకేసింది.

"ఏమండోయ్ బార్దే గారూ! కోసైలు వేయించాలి, నూనేదీ?"

"గుర్రానికి పోశాం."

"అయితే గుర్రాన్ని వేయించమంటారా?"

"అది కాదే, మొదటి పరుగు పోతే మన వంశం..."

"వంశం సంగతి సరే. ఒకసారి అద్దంలో మొహం చూసుకోండి. ఎండుగాలికి ఒళ్ళంతా బూడిద తేలిపోయి, ఎవరైనా చూస్తే ఈయన్ని ఎక్కి తిరుగుతున్నది గుర్రమే అనుకుంటారు. ఆ సీసాలు కడిగిన నూనైనా చేతులకి రాసుకోండి!"

ఆవిడ మాటలు నేను పట్టించుకోలేదు. ఆ రాత్రి అందరం ఉడికించిన అలసందల ముద్ద తిన్నాం. మా అమ్మాయి, "నాన్నా, వచ్చే జన్మంటూ ఉంటే మీ గుర్రపుసాలలో పుడతాను," అంది. మా మతంలో వచ్చే జన్మ లేదని దానికి గట్టిగా మందలించి చెప్పాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అకవాల్ మెరిసింది. దాని తొడలో చూసుకుని నేను గడ్డం దువ్వుకునేవాణ్ణి. స్తుతిపాటలు పాడేవాళ్ళు మా వాకిట్లోకి వచ్చి, ముందు దానికి దండం పెట్టి, తర్వాత ఈ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు నాకేసి చూసేవారు. రోజూ నడిపించమన్న డాక్టరమ్మ మాట మాత్రం పాటించలేదు. దుమ్ము పడితే నిగారింపు తగ్గుతుందని నీడలోనే ఉంచాం. అది నిలువునా, అడ్డంగా కూడా పెరిగింది.

పండుగ ముందురోజు ఉదయం పెట్టె తెరిచి మా తాతగారి బొంత బయటికి తీశాం. ఎరుపూ పసుపూ నలుపూ గళ్ళతో, దూది కూరి కుట్టిన బొంత అది. ఒకచోట శత్రువు బల్లెం దిగిన మాసిక కూడా ఉంది. నేనూ ఔదూ కలిసి దాన్ని అకవాల్ మీద కప్పాం. మెడ కప్పాం, ముఖానికి కుచ్చుల ముసుగు తొడిగాం. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాం.

కళ్ళు కనిపించాయి. ముక్కుపుటాలు కనిపించాయి. అడుగున గిట్టలు కనిపించాయి.

"దొరా," అన్నాడు ఔదు, "నిగారింపు ఏదీ?"

"లోపల ఉందిరా."

"లోపలుంటే సర్కి గారికి ఎట్టా తెలుస్తది దొరా?"

ఈ ప్రశ్న ఏడాది పొడుగునా ఎవరికీ రాలేదు. ఆజ్ఞ ఇచ్చిన సర్కి గారికి రాలేదు, దాన్ని చాటిన కోటగొంతుకు రాలేదు, మదాకికి రాలేదు, ప్రొఫెసర్ గారికి వచ్చినా చెప్పి ఉండరు. పండుగనాడు గుర్రాలకు చెవుల నుంచి మోకాళ్ళ దాకా బొంతలు కప్పడం మా ముత్తాతల కాలం నుంచి ఉన్నదే. అందరికీ తెలిసిన సంగతి కనుక ఎవరికీ గుర్తు రాలేదు.

బొంత లేకుండా వెళ్ళవచ్చు కదా అని మీరనవచ్చు. మా వైపు బొంత లేని గుర్రం మీద జాహీకి రావడమంటే లుంగీ లేకుండా పెళ్ళికి రావడమే. బొంత ఉండాలి, ఒళ్ళూ కనిపించాలి. బొంతకు కిటికీ పెట్టాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. నాకే పుట్టిందని వినయంగా మనవి చేస్తున్నాను.

దర్జీ వచ్చి, బొంత చూసి, కత్తెర కింద పెట్టేశాడు. "బార్దే గారూ, శత్రువులు కూడా దీనికి ఇంత చిల్లు పెట్టలేకపోయారండీ," అన్నాడు. నేనే కత్తెర అందించాను. గుర్రం పిరుదు దగ్గర పళ్ళెమంత గుండ్రటి కిటికీ పడింది. కత్తెర కసుక్కుమంది. మా నాన్న ఈ బొంతను ఏటా పండుగ తర్వాత తన చేతులతోనే మడతపెట్టేవాడు, మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. కానీ కిటికీలోంచి అకవాల్ ఒళ్ళు తళుక్కుమనగానే అదంతా మర్చిపోయాను. మధ్యాహ్నానికి ఈ వార్త మదాకి ఇంటికి చేరింది. అతను రెండు కిటికీలు పెట్టించాడు. సాయంత్రానికి ఊళ్ళో ఒక్క దర్జీ కూడా ఖాళీగా లేడు. ముత్తాతలు యుద్ధాలలో కాపాడుకొచ్చిన బొంతలన్నిటికీ వాళ్ళ మునిమనవలు ఒక్క పూటలో చిల్లులు పెట్టారు.

తెల్లవారింది. నమాజు అయింది. దూది అంగీ తొడుక్కుని, దానిమీద మూడు జుబ్బాలు వేసుకుని, తలపాగా చుట్టుకుని నేను బయటికి వచ్చేసరికి ఔదు చెమటలు కక్కుతున్నాడు. అకవాల్ పొట్ట చుట్టూ జీను పట్టీ అందడం లేదు. చివరికి కొట్లో పరుపులు కట్టే తాడు తెచ్చి జోడించి బిగించాం.

"ఇంకో సంగతి దొరా," అన్నాడు ఔదు. "ప్రొఫెసర్ గారి నూనె ఓ సీసా మిగిలితే, పొద్దున్నే గుర్రం ఒంటికి పట్టించాను. అద్దంలా ఉంది."

"కిటికీ దగ్గరే కదరా?"

"అబ్బే, వీపంతా రాశాను దొరా. కనిపించేకాడ మాత్రమే రాస్తే మోసం కదూ?"

అతని నిజాయితీకి మెచ్చుకుని గుర్రమెక్కాను.

మైదానం కిక్కిరిసి ఉంది. బాకాలు మోగాయి. నా పేరు పిలిచారు. మొదటి పరుగు ఈ పూట నిలబడితే నిలబడినట్టు, లేకపోతే మా తాత నుంచి వచ్చినది నా చేతుల్లో పోతుంది. అకవాల్‌ను అదిలించాను. ఏడాదిగా నీడలో కూర్చున్న గుర్రం ఇంత ఉరుకుతుందని నేననుకోలేదు. వెనకాల వస్తున్న పిల్లులకు భయపడి ఉరికిందని కొందరంటారు. సర్కి గారి గొడుగు దగ్గరపడింది. కళ్ళెం లాగాను. అకవాల్ గక్కున నిలిచింది. జాహీ చరిత్రలో అంత చక్కగా నిలిచిన గుర్రం లేదని నా ప్రగాఢ విశ్వాసం.

నిలిచింది గుర్రం మాత్రమే. పరుపుల తాడు పుటుక్కున తెగింది. జీనూ, బొంతా, నేనూ ఒక్క కట్టుగా ఆ నున్నటి వీపుమీద ముందుకు జారి, మెడ మీదుగా దిగి, సర్కి గారి పాదాల ముందు పరుచుకున్నాం. ప్రొఫెసర్ గారు చెప్పిన జారుడు గుణం నిజమని ఆ విధంగా రుజువైంది. పూర్వం బల్లేల కోసం కుట్టిన దూది అంగీ నన్ను నేలనుంచి కాపాడింది.

నేను తలపాగాలోంచి ఒక కన్ను బయటపెట్టి చూశాను. నా పైన అకవాల్ నిలబడి ఉంది, ఒంటిమీద నూలుపోగు లేకుండా. ఎండలో దాని ఒళ్ళు నల్లగా, చెవుల నుంచి తోక దాకా ఎంత మెరుస్తోందంటే, ఆ అవస్థలో కూడా నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఇంత అందంగా ఉందని నాకే తెలియదు. దాని చుట్టూ పిల్లులు కూర్చున్నాయి.

సర్కి గారు తలపాగా చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు చాలాసేపు ఎగిరెగిరి పడ్డాయి. అందులో మాటలేమైనా ఉన్నాయో లేవో ఆ దేవుడికి తెలుసు. కోటగొంతు వంగి, విని, నిటారుగా నిలబడి, కొత్త టోపీ సర్దుకున్నాడు.

"వినండి! ప్రభువుల ముందు గుర్రం వీపున కూర్చుని వందనం చేయడం అహంకారమని గ్రహించిన బార్దే, తన వీరత్వాన్నీ, తన వంశపు బొంతనూ, తన దేహాన్నీ వారి పాదాల ముందు పరిచినాడు! మునుపెన్నడూ ఇంతటి వినయం ఈ కోట ఎరుగదు! మొదటి పరుగు బార్దేదే! ఇకమీదట ప్రతి పండుగకూ బార్దే ఈ విధంగానే పడవలెను!"

బాకాలు మోగాయి. స్తుతిపాటగాళ్ళు అప్పటికప్పుడు పదం కట్టి, పడినవాణ్ణి లేవనివ్వకుండా పాడారు. తర్వాతి వంతు మదాకిది. అతను శరవేగంతో వచ్చి, గుర్రాన్ని నిలిపి, పడదామని ఎంతో ప్రయత్నించాడు. గుర్రం ఒంటికి కూడా పట్టించిన షియా వెన్న జిగట వల్ల జీను కదల్లేదు. చివరికి విసిగి తనే దూకాడు. "మదాకి దిగినాడు," అని కోటగొంతు పొడిగా ప్రకటించాడు. అందరూ పండుగ భోజనాలకు వెళ్ళాక లబరాన్ నా చెవి దగ్గరికి వచ్చాడు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. అట్టా ఎట్టా పడ్డావో చెప్పవా?"

"అది వంశంలో ఉండాలి బావా," అన్నాను.

అప్పటినుంచి పనులు వేగంగా జరుగుతున్నాయి. ప్రొఫెసర్ జతావు గారికి కోట నూనె సరఫరాదారు అనే బిరుదిచ్చారు. బొంతలకు కిటికీలు ఎన్ని, ఏ పరిమాణంలో ఉండాలో నిర్ణయించడానికి సంఘం వేశారు. నేను పడే చోట నా కొట్టు నుంచే ఒక పరుపు ఉచితంగా వేస్తానని అర్జీ పెట్టుకుంటే, ఆచారంలో పరుపు లేదని తిప్పి పంపారు. కుర్రాళ్ళు ఇసుక తిన్నెల మీద పడటం సాధన చేస్తున్నారు. ఇక మా హైస్కూలు హెడ్మాస్టరు గారు ఒక వ్యాసం రాసి, ఈ పతన వందనం మా వంశంలో అనాదిగా ఉందని నిరూపించారు. మా ముత్తాత పడ్డాడట, తాత పడ్డాడట. మా నాన్న పడగా తమ కళ్ళారా చూశామని ముగ్గురు ముసలివాళ్ళు సాక్ష్యం కూడా చెప్పారు.

మా నాన్న జీవితంలో ఒక్కసారి కూడా గుర్రం మీద నుంచి పడలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ వ్యాసాన్ని హెడ్మాస్టరు గారు సభలో చదివారు. లేచి ఖండిద్దామనుకున్నాను. ఖండిస్తే ఆచారం పోతుంది. ఆచారం పోతే మొదటి పరుగు పోతుంది. కూర్చున్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

అకవాల్ ఇప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టు పళ్ళు అరగదీయించుకుని, గడ్డి తింటూ సుఖంగా ఉంది. మెరుస్తోంది కూడా, కానీ గడ్డితో మెరిసిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరని బయటికి చెప్పడం లేదు. రాబోయే పండుగ కోసం నేను రోజూ పడటం సాధన చేస్తున్నాను. సాయంత్రం లారై ప్రొఫెసర్ గారి నూనె నా నడుముకు రాస్తుంది. నొప్పి తగ్గడం లేదు.

"ఏడాదంతా నూనె తాగిన గుర్రం నిటారుగా నిలబడింది. చుక్క నూనె ముట్టని మీరేమో జారిపడ్డారు," అని ఆవిడ రుద్దుతూ నవ్వుతుంది. "పోన్లెండి, ఇన్నాళ్ళకి మీకు చేతనైన పనొకటి దొరికింది."

మీరు కూడా నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మీ ఊళ్ళోనూ పెద్దల నాటిదని కళ్ళకద్దుకుని చేసే పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి అది చేసేటప్పుడు నా కోసం ఒక్క సంగతి విచారించి చూడండి. మొట్టమొదట చేసినవాడి జీను కింద ఆ పొద్దున నూనె ఎవరు రాశారు?